ఎసట్లో బియ్యం

పందొమ్మిది వందల అరవై ఒకటిలో సుల్తానాబాద్ బడిలో ఊళ్ల సర్వే చేయబోయేవాళ్లకు వారం రోజులు శిక్షణ ఇచ్చారు. ప్రశ్నలు అడగడం నేర్పడానికి పంతులు ఇరవై మందినీ మా వాడకు తీసుకొచ్చాడు. మా వాకిట్లో అడిగే వంతు సామ్యూల్‌ది.

“పెద్దమ్మా, గీ ఇంట్ల తినేటోళ్లు ఎందరు?”

“ఇద్దరం బిడ్డా. మా ఆయన తెల్లారకముందే పెద్దపల్లి టేషన్ల పనికి పోతడు, చీకటి పడ్డంక వస్తడు.”

నాలుగు నెలలుగా వాడకట్టుకు అదే చెబుతున్నాను. సామ్యూల్ రెండు అని రాసుకున్నాడు.

పంతులు ఆపాడు. “మనుషుల లెక్క అడిగితే ఆశను సుత కలిపి చెప్తరు. బియ్యం అడుగు.”

“నిన్న ఎసట్ల ఎంత పోసినవ్ పెద్దమ్మా?”

“సోలెడు,” అన్నాను ఆలోచించకుండానే.

పంతులు అందరివైపు తిరిగాడు. “చూసిండ్రా? రెండు పూటలకు సోలెడు. ఒక్క మనిషి.”

“ఇయ్యాల్టి సంది రెండు సోలలు పోస్త. కొట్టెయ్యకు బిడ్డా.”

“నిన్నటిదే రాస్తరమ్మా,” అన్నాడు పంతులు, మెత్తగానే.

సామ్యూల్ తల వంచుకుని రెండు కొట్టేసి ఒకటి వేశాడు. ఇది మంచి ఉదాహరణ అని పంతులు అంటే ఇరవై మందీ రాసుకున్నారు. నా మొగుడు నన్ను విడిచిపోయాడని అప్పటిదాకా నాకొక్కదానికే తెలుసు.