మునెమ్మ కొన్న మాత్ర

మోహన్‌రాజ్ పెళ్లాం శ్రీప్రియని జుట్టు పట్టుకుని మద్రాసు వాషర్‌మెన్‌పేట్ బజారులో ఈడ్చుకెళ్తుంటే, వాడి తల్లి మునెమ్మ చెప్పుల్లేకుండా వెనకాలే పరిగెత్తింది. పొద్దున పదిగంటల వేళ, వీధి నిండా జనం. అడ్డుపడిన నాథుడు లేడు. మొగుడూ పెళ్లాల గొడవంటే చాలు, మనవాళ్లకి ఎక్కడలేని మర్యాద ముంచుకొస్తుంది.

ఇంతా చేసి కారణం ఒక్క మాత్ర. మొగుడితో కలిసిన మూడు రోజుల్లోపు వేసుకుంటే కడుపు రాకుండా ఆపే మాత్ర. శ్రీప్రియ నోట్లో వేసుకోబోతుంటే వాడు లాక్కుని మడమ కింద పిండి చేశాడు. "మొగుడుండంగా నీకు దీంతో ఏం పని? ఎవుడే వాడు?" అని చెంప పగలగొట్టాడు.

కొన్నది మునెమ్మ. కోడలికి రెండేళ్లలో రెండు ఆపరేషన్ కాన్పులు, ఇప్పుడే మళ్లీ కడుపొస్తే కుట్లు తెగి ప్రాణం మీదికొస్తుందని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. వాడు బుద్ధిగా తలూపాడు. మొన్న రాత్రి తాగొచ్చి ఆ తలూపుడు మర్చిపోయాడు. నిన్న మునెమ్మ నాలుగు మందుల షాపులు తిరిగింది. మూడుచోట్ల డాక్టరు చీటీ ఉందా అని అడిగారు, అరవై దాటిన మనిషిని ఎగాదిగా చూసి నవ్వారు. నాలుగో షాపులో మందులమ్మే కార్తీక మాత్రం, "దీనికి చీటీ అక్కర్లేదు పాట్టీ" అని అరవంలో అవ్వను పిలిచి వెంటనే ఇచ్చింది. ఇచ్చి, అలవాటుకొద్దీ షాపు ముద్ర ఉన్న కాగితం కవరులో పెట్టి, బీపీ మాత్రలకి రాసినట్టే పైన "ఒకటి, తిన్నాక" అని రాసింది. ఆ ముద్ర చూసే వాడు ఇప్పుడు ఆ షాపు మీద పడ్డాడు.

షట్టరు లాగే ఇనప కడ్డీ అందుకుని గాజు బల్ల మీద కొట్టాడు. పెంకులు లేచి కార్తీక నుదురు చీల్చాయి.

"ఎవురికి అమ్మినావో చెప్పు!"

"చెప్పను. అది నా పని కాదు," అంది కార్తీక, కంట్లోకి కారుతున్న నెత్తురు తుడుచుకుంటూ.

రెండో దెబ్బ ఆమె వేళ్ల మీద పడింది. శ్రీప్రియ పగిలిన పెదవితో అత్త వైపు చూసి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. మునెమ్మకి నిజంగానే భయం వేసింది. ఉండేది వాడింట్లో, తినేది వాడి తిండి. కానీ వాడు శ్రీప్రియని కింద పడేసి, సరిగ్గా కుట్లున్న చోట తన్నాడు. ఆమె అరిచిన అరుపుకి ముసలామె భయం కాస్తా ఎగిరిపోయింది.

"ఆపరా! కొనింది నేను!"

"నీకెందుకుమా ఆ మాత్ర?"

"నీ పెళ్లాం చావకుండా ఉండేదానికి!"

కడ్డీ గాల్లోకి లేచింది. మునెమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. ఎముక విరిగిన చప్పుడు పక్క పూలకొట్టు దాకా వినపడింది.

పెళ్లాన్ని చంపుతున్నా కదలని జనం అప్పుడు కదిలారు. తల్లిని కొట్టాడు కదా! నలుగురు మీదపడి వాణ్ణి గాజుపెంకుల మీదే బోర్లా పడేసి అదిమిపట్టారు.

"అమ్మా, చెప్పుమా వీళ్లకి! నేను నీ కొడుకుని!"

"ఆ కాలంలో ఈ మాత్ర నాకు దొరికుంటే, నువ్వు ఈడ ఉండే వాడివే కాదు."

అనేశాక, అది ఎంత నిజమో తెలిసి ఆమె ఒళ్లు జలదరించింది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు. మంచి చెయ్యి బల్ల మీదికి చాచింది.

"ఇంకోటి ఇయ్యి తల్లీ. రేపటితో గడువు అయిపోతాది."

కార్తీక నెత్తుటి చేత్తోనే ఇచ్చింది. ఈసారి కవరు వెయ్యలేదు. శ్రీప్రియ లేచి కూర్చుని, వీధంతా చూస్తుండగా, మొగుడు కింద నుంచి బూతులు తిడుతుండగా, నీళ్లు లేకుండానే మింగింది. మాత్ర గొంతు దిగేదాకా మునెమ్మ కోడలి గొంతు వైపే చూస్తూ నిలబడింది. ఆ తర్వాతే నొప్పికి ఏడ్చింది.