అత్త వేళ్ల వేగం

విశ్వవిద్యాలయం వాళ్ల ఆన్‌లైన్ దరఖాస్తులో ఇంకా రెండే రెండు గళ్లు ఖాళీగా ఉన్నాయి. ఆడిషన్‌లో ఫ్లూటు మీద వాయించబోయే రచన పేరు ఒకటి, పక్కన పియానో వాయించేవారి పేరు ఇంకొకటి. గడువు సాయంత్రం ఐదింటికి. ఒకసారి పంపాక ఇక మార్చడానికి వీల్లేదని కింద ఎర్రక్షరాల్లో ఉంది.

పిట్ట పొద్దుటి నుంచి ఆ గళ్ల ముందే కూర్చుంది. అసలు పేరు హాజరుపట్టీలోనే ఉండిపోయింది. పుట్టినప్పుడు గుప్పెడంత ఉందని అత్త 'పిట్ట' అంది, అదే ఖాయమైపోయింది. పద్దెనిమిదేళ్లొచ్చినా మనిషి పెద్దగా పెరగలేదు. అంత చిన్న ఛాతీలో ఊపిరెంత పడుతుంది? ఆ దిగులే ఇప్పుడు పిల్లని కాల్చుకు తింటోంది.

పియానోతో కలిసి వాయించాల్సిన రచనలని వాళ్లు రెండు ఇచ్చారు. వాటిలో ఒకటి ఎంచుకోవాలి. 'గాలిమర' అంతా పరుగే, వేళ్లకి కళ్లుండాలి. 'మంచు పొద్దు' నిదానం. కానీ వాక్యాలు పొడుగు, మధ్యలో ఊపిరి తీసుకునే చోటుండదు. ఫ్లూటు మాస్టారి దగ్గర పిట్టకి రెండూ చేతికొచ్చాయి. చిక్కల్లా అత్తతోనే.

అత్త అంటే నాన్నకి అక్క. ముప్పై ఏళ్లు బడిలో పొద్దుటి పాటకి పియానో వాయించి రిటైరైంది. రెండొందల మంది పిల్లలు వరస కట్టి హాల్లోకి నడిచొచ్చే నడక ఎంతో, ఆవిడ వేళ్ల నడకా అంతే. దానికి తోడు ఇప్పుడు కీళ్ల నొప్పులు. పిట్ట తల్లి ఓడలో వంటమనిషి, ఏడాదిలో తొమ్మిది నెలలు నీళ్ల మీదే. పిల్లకి జడ వేసిందీ, జ్వరమొస్తే పక్కన కూర్చుందీ అత్తే. బడివాళ్లు పారేయబోతున్న పాత ఫ్లూటుని బతిమాలి తెచ్చి, తళతళలాడేలా తుడిచి పిల్ల చేతిలో పెట్టిందీ ఆవిడే. ఆడిషన్ కబురు వినగానే "పియానోకి ఎవర్నీ వెతక్కండి, నేనింకా బతికే ఉన్నాను" అని తీర్పిచ్చేసింది. అంతటితో ఊరుకుందా? మందుల షాపాయన మొదలుకొని బస్సు కండక్టరు దాకా అందరికీ చాటింపు వేసింది.

వారం రోజులుగా సాధన సాగుతోంది. అత్త పక్కనుంటే 'గాలిమర' కరెంటు చాలని ఫ్యానులా ఈడ్చుకుంటూ తిరుగుతోంది. 'మంచు పొద్దు' ఆవిడ వేళ్లకి అందుతుంది, కానీ ఆవిడ దాన్ని ఇంకా సాగదీస్తోంది. నెమ్మదైతే తేలికే కదా అనుకున్నాడు నాన్న. ఫ్లూటుకి అలా కుదరదు. ఒక్క గుక్కలో ముగియాల్సిన వాక్యం గుక్కన్నర అవుతుంది. ఆ చివరి అరగుక్క పిట్ట దగ్గర లేదు.

నిన్న మాస్టారు వచ్చి విన్నాడు. వింటున్నంతసేపూ చెప్పులోకి రాయి దూరినవాడిలా మొహం పెట్టి, చివరికి నాన్నని బయటికి పిలిచాడు. కిటికీ పక్కనే ఉన్న పిట్టకి అంతా వినిపించింది.

"పియానోలు శ్రుతి చేసే ఆవిడ ఉంది చూడండీ, ఆవిడ ఊరికే వచ్చి వాయిస్తానంది. ఆవిడతో అయితే పిల్లకి సీటు ఖాయం. మీ అక్కగారితో వెళితే మాత్రం ఆశ పెట్టుకోకండి. ఆవిడకి చెప్పే పని మాత్రం మీదే, నా మీద పెట్టకండి."

నాన్న లిఫ్టు మెకానిక్. అంతస్తుల మధ్య ఇరుక్కున్నవాళ్లని ఎందరినో బయటికి లాగినవాడు, నిన్నటి నుంచి తానే ఎటూ కదల్లేకుండా ఉన్నాడు.

"నాన్నా, మూడైంది."

"గడియారం నాకూ ఉందే."

"చెప్తానన్నావు."

"అన్నాను. ఇప్పుడే చెప్తానన్నానా?"

"ఐదు దాటాక చెప్తే ఏం లాభం?"

"పోనీ నువ్వే చెప్పరాదూ? నీ మాటైతే అక్క కాదనదు."

"కాదనదు నాన్నా. అదేగా నా భయం."

నాన్న లేచాడు, చొక్కా సర్దుకున్నాడు. పెళ్లిచూపులకి వెళ్తున్నట్టు తల కూడా దువ్వుకుని వెనక గదిలోకి వెళ్లాడు. తలుపు ఓరగా ఉంది. అత్త పియానో ముందు కూర్చుని, వేణ్నీళ్ల గిన్నెలో చేతులు ముంచుకుని ఉంది.

"రారా తమ్ముడూ. గుంజలా నిలబడిపోయావేం?"

"అది కాదక్కా... మాస్టారు నిన్న ఏమన్నారంటే..."

"నా వేళ్లు పరిగెత్తట్లేదనేగా? ఆ మొహం చూస్తే తెలీట్లేదూ! నేనేమన్నా చిన్నపిల్లనా? అందుకే ఇదిగో, చూడు."

నీళ్లలోంచి ఎడమ చెయ్యి తీసి చూపించింది. వేలికి ఉంగరం లేదు. పెళ్లిలో మావయ్య తొడిగిన ఉంగరం. ఆయన పోయి పదకొండేళ్లైనా ఆ వేలి మీంచి కదలనిది. అది ఉన్నచోట చర్మం తెల్లగా, పసిపిల్ల చర్మంలా ఉంది.

"పొద్దున్నే వెళ్లి కోయించేశాను. వేలు మడవనివ్వట్లేదు వెధవది. కణుపు వాచిపోయి మామూలుగా రానన్నది. ముక్కలైపోతుంది కదమ్మా అంటాడు కంసాలి. కానివ్వు నాయనా, ఆయనేమన్నా లేచొచ్చి లెక్కడుగుతాడా అన్నాను. చూడూ, ఇప్పుడెంత హాయిగా వంగుతోందో!"

వేలు వంగింది. ఆవగింజంత.

నాన్న భుజాలు దిగిపోవడం తలుపు సందులోంచి పిట్టకి కనిపించింది.

"బాగుందక్కా," అన్నాడు.

బయటికొచ్చి కూతురి వంక చూడకుండా స్క్రూడ్రైవర్ తీసుకుని, నిక్షేపంగా ఉన్న కిటికీ బందుని విప్పడం మొదలుపెట్టాడు.

"విన్నావుగా?"

"విన్నాను."

"నా వల్ల కాలేదే."

"నా వల్లా కాదు నాన్నా. ఆ శ్రుతి చేసే ఆవిడకి రావద్దని చెప్పేయ్."

రెండో గడిలో అత్త పేరు నింపింది. మొదటి గడి మిగిలింది.

"ఆ గిరగిర తిరిగేదే రాయవే," అన్నాడు నాన్న, బందుతోనే మాట్లాడుతున్నట్టు. "నీ వేళ్ల పని చూసైనా కనికరిస్తారేమో."

పిట్ట ఆలోచించింది. 'గాలిమర' ఎత్తుకుంటే రెండో వరసకే పరీక్షకుల తలలు పియానో వైపు తిరుగుతాయి. తప్పెవరిదో అందరికీ తెలిసిపోతుంది. ఒకరు నవ్వు ఆపుకుంటారు. ముప్పై ఏళ్లు పియానో మీదుగా పిల్లల మొహాలు కనిపెట్టిన మనిషి అత్త, ఆ నవ్వు ఆవిడ కంటపడక మానదు. 'మంచు పొద్దు' అయితే పియానో నెమ్మదిగా ఉందని ఎవరూ తప్పుపట్టరు. నిదానమైన రచనే కదా. తప్పేది ఊపిరి. ఊపిరి తనది. 'పిల్లకి దమ్ము చాలదు' అని రాసుకుని ఊరుకుంటారు.

'మంచు పొద్దు' అని కొట్టి, పంపేసింది. నాలుగుంపావు అయింది.

"పిట్టా! ఏది రాశావే?" లోపల్నుంచి కేక.

"మంచు పొద్దు, అత్తా."

"హమ్మయ్య! నా మనసులో ఉన్నదీ అదేనే. రా, ఓసారి వాయించేద్దాం."

పిట్ట వెళ్లి ఫ్లూటు ఎత్తింది. మొదటి వాక్యం ఎలాగో ఒడ్డెక్కింది. రెండో వాక్యం చివర, రోజూ తెగే చోటే, గుక్క తెగింది. స్వరం నీరసించి కిందికి జారి, ఉత్త గాలైపోయింది. గుమ్మంలో నాన్న స్క్రూడ్రైవర్ వంక చూస్తూ నిలబడ్డాడు.

అత్త మీటల మీంచి చేతులు తీసి, ఎర్రబడ్డ మేనకోడలి మొహం చూసింది. ఆవిడకి ప్రాణం ఉసూరుమంది.

"ఊపిరి అందట్లేదా తల్లీ? చెప్పవేం మరి! ఉండు, ఈసారి ఇంకాస్త నెమ్మదిగా వాయిస్తాను."

పిట్ట తలూపి, పట్టినంత గాలి పీల్చుకుంది.