గౌరవ్వ ఇంటి పడమటి గోడ

కోరుట్లల కరెంటు పని నేర్పే ట్రైనింగ్ సెంటర్ విడువంగనే అందరు బస్టాండు దిక్కు పోతే, విజయ మాత్రం గౌరవ్వ ఇంటికి పోయేది. గౌరవ్వ అరుగు మీద బీడీలు చుట్టుకుంట కూసునేది. విజయ చెప్పులిడిసి, పనిముట్ల సంచి పక్కకు పెట్టి, పడమటి గోడకు వీపు ఆనిచ్చి కూసునేది. పొద్దంత ఎండకు కాలిన గోడ పొద్దుగూకంగ సల్లబడుతుంటే, అండ్లకెల్లి ప్రభాకర్ గొంతు మెల్లగ వచ్చేది.

"సిమెంటు మాలు జర పలుచగ కలుపు. గిట్ల గట్టిగుంటె ఇటుక పట్టది."

గంతే. ఇంకో పొద్దు "దారం వట్టు" అనేది. లేకుంటే దగ్గేది, ఏదో పాట ఎత్తుకొని సగంల ఆపేది. ప్రభాకర్ విజయ పెనిమిటి, గా ఇల్లు కట్టిన మేస్త్రి. వడదెబ్బ తగిలి పోయి ఏండ్లయింది.

కొందరు మేస్త్రీల గోడలు గట్లనే ఉంటయ్. కట్టేటప్పుడు మాట్లాడిన మాట ఇటుకల సందుల ఉండిపోతది. అందుకే ఆ దిక్కు ఇల్లు కొనేటోళ్లు, బోరుల నీళ్లున్నయా అని అడిగినంక, మేస్త్రి ఎసొంటోడని కూడ అడుగుతరు. మల్లాపూర్ల ఒకలింట్ల పిల్లను చూడవచ్చినోళ్లు చాయ తాగుతున్నప్పుడే గోడ బూతులు తిట్టింది, సంబంధం తప్పిపోయింది. ప్రభాకర్ నెమ్మదస్తుడు. ఆయన గోడల మీద ఎవ్వలు చాడీ చెప్పలేదు.

కాని గోడను కోస్తే అండ్ల మాట బయటపడి పోతది, మళ్ల రాదు. జగిత్యాలల ఆయన కట్టిన ఇండ్లు పడగొట్టి షాపులు లేపిండ్రు. కోరుట్లల ఉన్నవాటిని ఏసీ పైపుల కోసమని తొలిచిండ్రు. ఇగ మిగిలింది గౌరవ్వ ఇంటి పడమటి గోడ ఒక్కటే.

ఆయన ఉన్నన్ని దినాలు విజయ ఆయన వెనుక మాలు మోసింది. ఆయన పోయినంక వేరేటోళ్ల దగ్గర మోసింది. మెడ నరం పట్టుకొని తట్ట ఎత్తరాకుంట అయితే, ఎవలో చెప్పంగ ట్రైనింగ్ల చేరింది. సెంటర్ల అందరు తన కన్న చిన్నోళ్లు. వాళ్లు ఫోన్లు చూసుకుంట తింటే, ఆమె మెట్ల మీద కూసోని టిఫిన్ డబ్బా ఇప్పేది. సార్ అడిగినదానికి జవాబు తెలిసినా తెల్వదన్నట్టు తల ఊపేది. కొన్ని దినాలైతే పొద్దంత కలిపి ఆమె నోట్లెకెల్లి వచ్చింది కండక్టర్‌కు చెప్పిన మల్లాపూర్ అన్న తన ఊరి పేరు ఒక్కటే. ఇంటికి పోయి తాళం తీసి, వండుకొని, తిని, పండుకునేది.

నేర్పే సత్తయ్య సార్ ఒకపాలి ఆమెను పిలిచి, సిరిసిల్లల బట్ట నేసే సాంచెల షెడ్డుకు ఎలక్ట్రిషన్ కావాలంటున్నరని, పరీక్ష అయినంక పొమ్మని చెప్పిండు. విజయ వద్దన్నట్టు తల ఊపింది. అంత దూరం పోతే పొద్దుగూకంగ గోడ దగ్గరికి ఎట్ల వస్తది?

గా వానకాలం గౌరవ్వ తడిచేత్తోని స్విచ్ ఏసి, షాకు కొట్టి అరుగు మీద పడ్డది. విజయ బోర్డు ఇప్పి చూస్తే తీగల మీది రబ్బరు రాలిపోతున్నది. బోర్డు ఉన్నది పడమటి గోడకే. విషయం తెలిసి సత్తయ్య సార్, పరీక్ష పని గా ఇంట్లనే చెయ్యుమన్నడు. గోడ కొయ్యకుంట పైనుంచే పైపు ఏద్దమని విజయ మొలలు కొట్టి చూసింది. చెమ్మకు పైపూత పొడిపొడి రాలింది తప్ప ఒక్క మొల నిలువలేదు. గాడి కొట్టి పైపు లోపల పెట్టుడే దారి.

నీకు కష్టమైతే నీతోని నేర్చుకునే మహిపాల్‌తోని కొట్టిపిస్త, నీకు వేరే ఇల్లు ఇస్తనన్నడు సార్. గౌరవ్వయితే అసలే వద్దన్నది.

"షాకు కొడితె కొట్టింది. గోడను ఉండనియ్యి బిడ్డా."

విజయ గౌరవ్వ వేలు మీద కమిలిన మచ్చను చూసింది.

"లేదవ్వా. నేనే కొడ్త. వేరేటోళ్లు ఆగకుంట కొడితే ఆయన చెప్పేది నాకు వినరాదు."

మెయిన్ బందు చేసి ఉలి ఆనిచ్చింది. పైపూత ఊకనే రాలింది. ఇటుక తగలంగనే మాటలు మొదలైనయ్. దుమ్ముతోని కలిసి దగ్గు వచ్చింది, "నీళ్లు తే" అన్న మాట వచ్చింది, సగం పాట వచ్చింది. ఒక్కొక్కటి పూర్తిగ పోయేదాక సుత్తె ఆపి, అటెన్క మళ్ల దెబ్బ వేసింది. కిటికీ మూలకు వచ్చినంక, ఎన్నడు బయటికి రాని లోపలి సందులకెల్లి ఒక ఆడమనిషి గొంతు వచ్చింది.

"ఆగు. గా మూల వంకరున్నది. తీసి మళ్ల పెట్టు."

"మంచిగనే ఉన్నది గదనే," అన్నది ప్రభాకర్ గొంతు.

"నీ కండ్లకు. నాకైతే వంకరనే. తియ్యి."

అటెన్క ఆమె పెద్దగ నవ్వింది. ఇటుక తీసిన చప్పుడు వచ్చింది.

విజయ సుత్తె కింద పెట్టింది. "ఎవలవ్వా గీమె?"

గౌరవ్వ దగ్గరికి వచ్చి ఆమె మొఖం మీది దుమ్ము కొంగుతోని తుడిచింది. "నువ్వే గదనే. గప్పుడు నీ నోటికి వాడకట్టంత భయపడేది."

విజయ ఆ దుమ్ములనే కూసున్నది. ఆయన గొంతు కోసం ఇన్నేండ్లు తిరిగింది. తన గొంతు ఎప్పుడు పోయిందో మతికే లేదు. గౌరవ్వ చెంబుతోని నీళ్లిస్తే తాగి లేచి, మిగిలిన గాడి కొట్టింది. గోడల మాటలన్ని పోయి ఖాళీ అయింది.

పైపు పెట్టి, తీగలు గుంజి, గాడి పూడ్చెటందుకు మాలు కలుపుతుంటే గౌరవ్వ దగ్గరికి వచ్చింది.

"ఇగ ఇల్లు మూగవోతది. పొద్దుగూకితే నేనొక్కదాన్ని ఎట్ల కూసుంట? నువ్వన్న ఏదన్న మాట్లాడుకుంట పుయ్యి."

విజయ తాపీ అందుకొని పుయ్యవట్టింది. తడిచేత్తోని స్విచ్ ముట్టకని చెప్పింది. ఏ తీగ ఏడికి పోతదో చెప్పింది. అటెన్క మెడనొప్పి సంగతి, ఒక్కదానికి వండుకుంటే కూర మిగిలిపోయే సంగతి, ప్రభాకర్ పోయిన ఎండకాలం సంగతి చెప్పింది. గాడి నిండేసరికి గొంతు బొంగురువోయింది.

పరీక్ష పాసయి, ఆమె సిరిసిల్ల పోయింది. షెడ్డుల సాంచెల చప్పుడుకు పక్క మనిషి మాట వినపడది, మొదట్ల ఆమెకు అదే మంచిగనిపించింది. ఒక పొద్దు మోటరు తీగ రాసుకొని ఒక సాంచెకు కరెంటు పారుతున్నది. నిప్పురవ్వ విజయ కండ్లవడ్డది. గా సాంచె దగ్గరనే లత అనే ఆమె తెగిన పోగు అతికిచ్చెటందుకు చెయ్యి సాపుతున్నది. మెయిన్ స్విచ్ దగ్గర షెడ్డు పనోడు జగదీశ్ అటు తిరిగి ఉన్నడు. బందు చెయ్యమని విజయ అన్నది. ఎవ్వలికి వినపడలేదు. గప్పుడు కిటికీ మూల ఇటుక తీపిచ్చిన గొంతుతోని అరిచింది.

జగదీశ్ ఉలిక్కిపడి హ్యాండిల్ గుంజిండు. సాంచెలన్ని ఆగినయ్. లత చెయ్యి ఇనుముకు బెత్తెడు దూరంల ఆగింది. అందరు తన దిక్కే చూస్తుంటే విజయ టెస్టర్ తీసి పనిల పడ్డది.

సాయంత్రం షెడ్డు విడిసినంక లత గేటు దగ్గర ఆమె కోసం నిలవడ్డది.

"ఏ ఊరక్కా నీది?" అని అడిగింది.

విజయ చెప్పుడు మొదలువెట్టింది.