పుట్టుక తెలియని అట్ట

వ్యాపారం మొదలుపెట్టిన రోజున అట్టలాయన చేతిలో ఉన్నవి మూడు. వానకు కారే రేకుల షెడ్డు, మూతపడ్డ లాండ్రీ వాళ్ల దగ్గర చవగ్గా కొన్న బట్టలు పిండే రోలరు, అక్క కుడిచేతి బొటనవేలు. మూడింట్లో పైసా పెట్టకుండా వచ్చింది ఆ వేలే. లాభం ఎక్కువ తెచ్చిందీ అదే.

రోలరుకు బ్లేడ్లు బిగించింది అతను. పాత అట్టపెట్టెను విప్పి అందులో దూరిస్తే అవతలికి వలలా చీలి, లాగితే సాగే మెత్త అయ్యేది. గాజు దీపాలకు చుడితే లారీలో ఎంత కుదుపుకైనా పగిలేవి కావు. ప్లాస్టిక్ బుడగల కవరుకయ్యే ఖర్చులో సగం. అయితే అట్టలో చెమ్మ ఉంటే మెత్త ముద్దవుతుంది, నూనె ఉంటే గాజుకు మరక పడుతుంది. అది చూసుకునేది అక్క. పెట్టె అంచున ఒక నొక్కు నొక్కి, ఇది ఉంచు, అది పారెయ్ అనేది. ఏడేళ్లలో ఒక్కసారీ తప్పలేదు.

సరుకు తెచ్చేదీ ఆమే. తెల్లవారుతూనే తోపుడు బండి వేసుకుని పద్నాలుగు దుకాణాల వెనక వాకిళ్లు తిరిగేది. వాకిలి ఊడ్చి, చెత్త ఎత్తిపోసి, బదులుగా పెట్టెలు తెచ్చుకునేది. భర్త పోయిన మనిషి. రోజుకు పద్నాలుగు చోట్ల పలకరింపు దొరికేది.

కొనేది గాజు దీపాల కంపెనీ ఒక్కటే. వందకు అమ్మితే ముప్ఫై మిగిలేది. ఎనిమిదో ఏడు కంపెనీ కొత్త నియమం పెట్టింది. ఇకమీదట భూమికి హాని చేయని సరుకే కొంటాం, ప్రతిదీ ఎక్కడ పుట్టిందో కాగితం మీద రుజువుండాలి. అట్టలాయన సంబరపడ్డాడు. తనను చూసే ఆ నియమం రాశారనుకున్నాడు.

తనిఖీకి వచ్చిన అమ్మాయి మర్యాదస్తురాలు. మెత్తను లాగి చూసి మెచ్చుకుంది కూడా.

"అట్ట కొన్న బిల్లులు చూపించండి సార్."

"కొనలేదమ్మా. వాళ్లు పారేసేవే తెచ్చుకుంటాం. అంతకన్నా ఏం రుజువు కావాలి?"

"పారేసినవేనని నేనెలా రాయాలి?"

"అట్టపెట్టెకు కూడా అమ్మానాన్నల పేర్లు రాయించాలా తల్లీ?" అంది అక్క, పనిలోంచి తలెత్తకుండా.

ఆ అమ్మాయి నవ్వింది. నవ్వుతూనే రాయాల్సింది రాసుకుని మూడు నెలల గడువిచ్చి వెళ్లింది.

"దుకాణాల వాళ్లతో తలా ఒక ఉత్తరం రాయించుకొస్తా" అన్నాడు అట్టలాయన.

"కొరివితో తల గోక్కోకురా. వాళ్లు చెత్త అనుకున్నంతకాలమే అది మనది. నువ్వు కాగితం అడిగావంటే వాళ్లు ధర అడుగుతారు."

"నీకు వ్యాపారం తెలీదక్కా."

"నిజమే. ఊడవడమే తెలుసు."

అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని పద్నాలుగు చోట్లకూ వెళ్లాడు. అందరూ కుర్చీ వేసి కూర్చోబెట్టారు, అన్నీ అడిగి తెలుసుకున్నారు, ఆలోచించి చెబుతామన్నారు. పదిహేను రోజుల్లో పద్నాలుగు మందీ పాత పెట్టెలను కాగితం మిల్లు ఏజెంటుకు తూకానికి అమ్మడం మొదలుపెట్టారు. "ఏమన్నా, కంపెనీ వాళ్లు కాగితాలడిగేంత సరుకని ఏడేళ్లుగా ఒక్క ముక్క చెప్పలేదే" అని వెక్కిరించాడు మూలకొట్టాయన. అక్క బండి ఖాళీగా తిరిగొచ్చింది. వాకిళ్లు మాత్రం ఆ రోజూ ఊడ్చే వచ్చింది.

మిల్లులో కొత్త అట్ట షీట్లున్నాయి. పాత కాగితం కలిపి చేశామని వాటి మీద ముద్ర ఉంది, నంబరుంది, బిల్లుంది. గడువు ముంచుకొస్తుంటే అట్టలాయన వాటినే కొన్నాడు. ఒక్కరోజైనా పెట్టెగా బతకని అట్టను రోలర్లో పెట్టి చీల్చాడు. తనిఖీ అమ్మాయి కాగితాలు చూసి సర్టిఫికెట్ ఇప్పించింది.

కొత్త షీటులో చెమ్మా ఉండదు, నూనే ఉండదు. అక్క వారం రోజులు వచ్చి స్టూలు మీద కూర్చుని వెళ్లింది. ఎనిమిదో రోజు అతనే నోరు విప్పాడు.

"ఇంటిపట్టున ఉండక్కా. నెలనెలా జీతం పంపిస్తాగా."

"ఏ పనికి?"

అతను రోలర్లోకి ఇంకో షీటు దూర్చాడు.

తర్వాత కంపెనీకి ఒక ఫొటో కావలసివచ్చింది. పాత పెట్టెలూ, వాటిని ఏరే మనిషీ, తన ప్రచార పుస్తకంలో అచ్చేసుకోవడానికి. షెడ్డులో పాత పెట్టె ఒక్కటీ లేదు. అట్టలాయన మిల్లు ఏజెంటు దగ్గర బండెడు కొనుక్కొచ్చి, అక్కకు కబురు పెట్టాడు. ఆమె వచ్చింది. ఫొటో తీసేవాడు నవ్వమంటే నవ్వింది. అంతా అయ్యాక బండిలోంచి నాలుగు పెట్టెలు తీసి పక్కన పడేసింది.

"ఇవి తడివి. బరువు తూగాలని నీళ్లు చల్లి అంటగట్టాడు నీకు."

"పోనీలే అక్కా. ఫొటో కోసమేగా."

"నన్నూ అందుకేగా పిలిచావు" అని, కొంగుతో చేతులు తుడుచుకుని వెళ్లిపోయింది. మళ్లీ ఆ గడప తొక్కలేదు.

ఏడాది తిరిగేసరికి కంపెనీ రేటు కోసింది. మిల్లు షీటును ఎవరైనా చీల్చి ఇవ్వగలరంది. మాట నిజమే, బేరమాడటానికి అతని దగ్గర ఏమీ లేదు. మిల్లు బిల్లులూ, సర్టిఫికెట్‌కు ఏటా కట్టే ఫీజూ, అక్క జీతమూ పోగా వందకు ఆరు మిగిలింది. అక్కకు పంపిన జీతం ప్రతి నెలా విప్పని కవరులోనే తిరిగొచ్చింది. వ్యాపారం చేసేవాడు వచ్చిన సొమ్మును లెక్కలోకి రాయకుండా ఉండలేడు. అదీ కలిపి చూసుకుంటే, మిగిలింది ఏడు.