నలభై రెండో పేజీ

బిల్కిసు బుధవారం పొద్దున ఆసుపత్రికి చేరిన గంటకు చనిపోయింది. అదే బుధవారం మధ్యాహ్నం రావలసిన నలభై రెండో పేజీ రాలేదు. మొదటి సంగతి జారియా పట్టణంలో రెండు వీధులకు తెలిసింది. రెండో సంగతి కానో నుంచి సొకోటో దాకా ఆరువందల మంది ఆడవాళ్ళకు తెలిసింది. వాళ్ళు వారం రోజులు గోల పెట్టారు.

లంతానా బిల్కిసు తల్లి. ఇరవై ఆరేళ్ళుగా నాలుగో తరగతికి పాఠాలు చెబుతోంది. అందరూ ఆమెను మాలమా, అంటే పంతులమ్మా, అని పిలుస్తారు. కబురు వచ్చేసరికి బోర్డు మీద భాగహారం లెక్క సగంలో ఉంది. ఆమె లెక్క పూర్తి చేసి, శేషం కింద గీత గీసి, సుద్దముక్క డబ్బాలో పెట్టి, అప్పుడు హెడ్మాస్టరు గదికి నడిచింది.

పరామర్శకు వచ్చినవాళ్ళు ఆ మూడు రోజులూ ఆమె కంట నీరు చూడలేదు. చూడనందుకు మెచ్చుకున్నారు. బిల్కిసు ఆమెకు తొలిచూలు బిడ్డ. వాళ్ళ ఆచారంలో తొలిచూలు బిడ్డను తల్లి పేరు పెట్టి పిలవదు, నలుగురిలో దగ్గరికి తీయదు, దాని కష్టసుఖాలు తన నోటితో అడగదు. కింది పిల్లల్ని ఎంత ముద్దు చేసినా పెద్దదాని ముందు చూపు దించుకోవడమే మర్యాద. ఇరవై రెండేళ్ళు లంతానా ఆ పిల్లను "ఏయ్" అని, "నిన్నే" అని పిలుస్తూనే పెంచింది. పెళ్ళి చేసి ఫుంతువా పంపిన రోజున కూడా అత్తలూ పిన్నులూ బిల్కిసును పట్టుకుని ఏడుస్తుంటే తను లోపల గిన్నెలు లెక్కపెడుతూ ఉండిపోయింది. ఇప్పుడూ లంతానా చెల్లెళ్ళే పేరు పెట్టి ఏడ్చారు. ఆమె చాప మీద కూర్చుని జపమాల తిప్పింది.

నాలుగో రోజు ఫోను తెరిస్తే వాట్సాప్ గ్రూపులో తొమ్మిదివందల సందేశాలు ఉన్నాయి. ఆ గ్రూపులో హిందాతు అనే అమ్మాయి కథ 'గుమ్మం' పేరుతో వచ్చేది. రాసేది మై ఫితిలా. దీపం పట్టుకున్న మనిషి అని తనకు తనే పెట్టుకున్న పేరు. అసలు పేరు, ఊరు ఎవరికీ తెలియవు. శని, సోమ, బుధవారాల్లో మధ్యాహ్నం నమాజు తరువాత ఒక్కో పేజీ పెట్టేది. మూడు నెలల్లో ఒక్కసారి కూడా తప్పలేదు.

"మై ఫితిలా, తల్లీ, ఎక్కడున్నావు? హిందాతుతో సంచీ సర్దించి అలాగే వదిలేసి పోయావు. పాపం దాని కాళ్ళు అసలే వాచి ఉన్నాయి" అని ఒకామె రాసింది.

"పెళ్ళయి ఉంటుంది. మొగుడు ఫోను లాక్కుని ఉంటాడు."

"ఎవడికో మూడో పెళ్ళాంగా వెళ్ళి ఉంటుంది. ఇప్పుడు తన కథ తనే చదువుకుంటోంది."

"నీ పేజీ చదువుతూ ఎన్ని కూరలు మాడ్చుకున్నానో. ఆ గిన్నెలు వచ్చి తోమిపో, తరువాత రాయకపోయినా ఊరుకుంటాను."

లంతానా అన్నీ చదివింది.

బడికి వెళ్ళిన మొదటి రోజు విరామంలో వేపచెట్టు కింద తాలాతు వచ్చి పక్కన కూర్చుంది. తాలాతు రెండో తరగతి టీచరు, నోటిమీద అదుపు లేని మనిషి, మనసు మంచిది. లంతానాను ఆ గ్రూపులో చేర్చింది తనే. కాగితంలో అలసంద వడలు పెట్టి ముందుకు తోసింది.

"తినండి మాలమా. మొహం చూడండి ఎలా పీక్కుపోయిందో." తనూ ఒకటి నోట్లో వేసుకుంది. ఊరుకోవడం ఆమెకు చేతకాదు. "ఆవిడింకా రాలేదు, చూశారా? బుధవారం ఏమైందో గానీ..." అని ఆ రోజు గుర్తొచ్చి నోటిమీద చేయి వేసుకుంది. "నా నాలుక కోసెయ్యాలి. క్షమించండి."

"ఫరవాలేదు. వస్తే చెప్పు" అంది లంతానా.

ఇలాంటి సమయంలో కథ ఎలా గుర్తుంది ఈమెకు అని తాలాతు ఆశ్చర్యపోయింది. తరువాత, మనసు మళ్ళించుకోవడానికేమో అని సరిపెట్టుకుంది. అప్పటికి లంతానా ఉద్దేశమూ అదే. మనసు మళ్ళడానికే.

నలభయ్యో రోజు దాటాక చెల్లెలిని వెంటబెట్టుకుని ఫుంతువా వెళ్ళింది. పెళ్ళికి తల్లి పెట్టిన గది సామాను తల్లే తిరిగి తెచ్చుకోవాలి. బిల్కిసు అత్తగారు గుమ్మం దాకా ఎదురొచ్చి, గది తాళం తీసి, చేతులు కట్టుకుని నిలబడింది.

"బంగారం లాంటి పిల్ల. ఇది కావాలి, ఇది నొప్పి అని ఒక్కనాడు నోరెత్తలేదు. అంత గుట్టుగా పెంచావు, మాలమా" అంది.

లంతానా తల ఊపింది. గోడ పొడవునా నేల నుంచి పైకప్పు దాకా పేర్చిన గులాబీపూల గిన్నెల దొంతరలు. తను మూడేళ్ళు చీటీలు కట్టి కొన్నవి. ఒకదాని తరువాత ఒకటి దించి చెల్లెలికి అందించసాగింది. మూడో దొంతర తీయగానే గోడకు ఆనించి ఒక నీలం సంచీ కనబడింది. మూతి రెండు ముళ్ళు వేసి ఉంది. విప్పింది. రెండు కట్టుగుడ్డలు, రబ్బరు చెప్పులు, ప్లాస్టిక్ కవరులో బడి సర్టిఫికెట్టు, సగం అయిపోయిన తలనొప్పి బిళ్ళల అట్ట.

లంతానా సంచీ ఒళ్ళో పెట్టుకుని నేలమీద కూర్చుండిపోయింది.

"ఏముంది అక్కా అందులో?"

"పాతబట్టలు" అంది.

ఆ సంచీ ఆమె ఇంతకుముందే చూసింది, నలభయ్యో పేజీలో. హిందాతు భర్త ఉల్లిపాయల లారీతో లేగోసు వెళ్ళి తొమ్మిది రోజులైంది, ఫోను కలవడం లేదు. హిందాతుకు ఆరో నెల. కాళ్ళు వాచాయి, తల పగిలిపోతోంది, ఒక్కోసారి కళ్ళముందు మిణుగురులు ఎగురుతున్నాయి. ఈ నెలల్లో అందరికీ ఉండేదే అంది అత్త. హిందాతు ఒక నీలం సంచీలో రెండు కట్టుగుడ్డలు, చెప్పులు, బిళ్ళలు, బడి సర్టిఫికెట్టు సర్దుకుంది. చదువుతున్నప్పుడు లంతానా అక్కడ ఆగి నవ్వుకుంది కూడా. ఒంట్లో బాగాలేక పుట్టింటికి పోయేది సర్టిఫికెట్టు ఎందుకు పట్టుకెళుతుంది, ఈ రాసేవాళ్ళకు అన్నీ వింతలే అనుకుంది.

పేజీ చివర మై ఫితిలా పాఠకులను అడిగింది: "భర్త అనుమతి లేదు. హిందాతు గుమ్మం దాటి అమ్మ దగ్గరకు వెళ్ళాలా, ఆగాలా? తల్లులైనవాళ్ళు చెప్పండి. మీరు ఏది చెబితే అది రాస్తాను."

ఆ గ్రూపులో అప్పుడప్పుడూ ఇలా అడగడం ఉన్నదే. తల్లులు చెప్పారు. కొందరు వెళ్ళమన్నారు, కొందరు వద్దన్నారు, ఒకరినొకరు దెప్పుకున్నారు. అప్పుడు లంతానా రాసింది. టీచరు గనుక తప్పుల్లేకుండా, చుక్కలూ కామాలూ సరిగా పెట్టి రాసింది.

"ఆగమనండి. ఇంకెంత, ఒక్క నెల. ఏడో నెలలో ఎలాగూ పుట్టింటివాళ్ళు వచ్చి తీసుకెళతారు. అప్పుడు తలెత్తుకుని వెళ్ళవచ్చు. ఇప్పుడు చెప్పకుండా సంచీ పట్టుకుని వస్తే ఆ తల్లి ఇరుగుపొరుగుకు ఏం చెప్పుకుంటుంది? కాళ్ళవాపు ఎవరికి లేదు? నేను ఐదుగురిని కన్నాను."

నూట పన్నెండు మంది దాని కింద ఎర్రగుండెలు పెట్టారు. మాలమ చెప్పాక ఇంకేముంది అన్నారు. సోమవారం వచ్చిన నలభై ఒకటో పేజీలో హిందాతు సంచీకి రెండో ముడి వేసి గిన్నెల దొంతర వెనక్కి తోసింది.

ఫుంతువా నుంచి తిరిగివస్తూ బస్సులో లంతానా తన సందేశం వెతికి పట్టుకుంది. మనం రాసినదాని మీద వేలు నొక్కి ఉంచితే దాన్ని ఎవరెవరు చదివారో, ఏ వేళకు చదివారో వస్తుంది. పొడుగాటి జాబితా. ఆమె నెమ్మదిగా కిందికి జరిపింది, పిల్లల హాజరుపట్టీ చూసినట్టు. కూతురి నంబరు కనిపించింది. పేరు ఉండవలసిన చోట తను రాసుకున్నది 'ఫుంతువా' అని మాత్రమే. శనివారం, సాయంత్రం నమాజు తరువాత పది నిమిషాలకు.

బిల్కిసు ఆ గ్రూపులో ఉందని లంతానాకు తెలుసు. తల్లి ఉందని కూతురికీ తెలుసు. ఒకే కథ ఇద్దరూ చదువుతున్నారు అనుకుంటే అప్పట్లో లోలోపల సంతోషంగా ఉండేది. దాని గురించి ఇద్దరూ ఎన్నడూ మాట్లాడుకోలేదు.

చదివిందని తెలిసింది. చదివి ఏమనుకుందో తెలియదు. ఆ శనివారం నుంచి బుధవారం దాకా బిల్కిసు ఎవరితోనైనా మనసు విప్పి ఉంటే అది మై ఫితిలాతోనే. లంతానా ఆ పూటే ఆమెకు విడిగా రాసింది: "మీరు రాస్తున్నది మా అమ్మాయి కథ. నేను మిమ్మల్ని ఒక్క మాట అడగాలి." సందేశం చేరినట్టు రెండు గీతలు పడ్డాయి. అవి రెండు రోజులకు నీలంగా మారాయి. జవాబు రాలేదు.

ఆనాటి నుంచి ఆరువందల మందితో పాటు తనూ ఎదురుచూసింది. వాళ్ళు శని, సోమ, బుధవారాల్లో చూసేవాళ్ళు. ఆమె రోజూ చూసేది. వానలు వచ్చాయి. బడి వెనక జొన్న మోకాలెత్తు పెరిగింది. గ్రూపులో తిట్లు తగ్గి బతిమాలడాలు మొదలయ్యాయి, బతిమాలడాలు పోయి వేళాకోళాలు వచ్చాయి. హిందాతు నాలుగు నెలలుగా ఆరో నెల మీదే ఉందని, అది ఏనుగును కంటుందని ఎవరో రాస్తే అందరూ నవ్వారు.

ఒకరోజు తాలాతు వేపచెట్టు కిందికి దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చింది.

"గ్రూపులో తేల్చేశారు మాలమా. కానోలో ఇంకో రచయిత్రి ఉందట, మిగతాది ఆవిడ రాస్తుందట. ఏం జరగాలో మనమే చెప్పాలి. అప్పుడు మీ మాటే కదా నెగ్గింది, ఈసారీ మీరే ముందు రాయండి. మీ వెనక మేమంతా వస్తాం."

"ఏం రాయమంటావు?"

"ఏముంది, మొగుడొస్తాడు. ఆ కాళ్ళు చూసి ఏడుస్తాడు. కవలపిల్లలు. అత్తకు పక్షవాతం. మనకు తెలియనివా?"

"వాడొచ్చేసరికి ఆ పిల్ల చచ్చిపోయి ఉంటుంది" అంది లంతానా.

తాలాతు నవ్వబోయింది. "అలా రాస్తే ఎవరు చదువుతారండీ? రోజూ చూసేది చాలదా, మళ్ళీ డేటా ఖర్చుపెట్టి చదవాలా?" అంటూనే ఎదుటి మొహం చూసి ఆగిపోయింది. చేతిలో ఉన్న జావ గిన్నె కింద పెట్టింది. "మాలమా... నేను ఎప్పటిలాగే..."

"గంట వేళయింది. పద" అని లంతానా లేచింది.

తరువాతి మంగళవారం, పిల్లలు బోర్డు మీది పాఠం చూసి రాసుకుంటుండగా బల్ల మీద ఫోను వణికింది. క్లాసులో ఫోను ముట్టుకోకూడదన్నది ఆమె స్వయంగా పెట్టుకున్న నియమం. ముట్టుకుంది. మై ఫితిలా.

"మాలమా, ఇంత ఆలస్యానికి క్షమించండి. హిందాతు ఎవరో నేనూ చూడలేదు. వారం వారం తన సంగతులు చెప్పేది, నేను రాసేదాన్ని. నలభయ్యో పేజీలో ప్రశ్న నాది కాదు, తనది. 'మా అమ్మ ఈ గ్రూపులో ఉంది, నేను ఎదురుగా అడగకూడదు, మీరు కథలో అడగండి' అంది. ఆదివారం పొద్దున తన గొంతుతో ఒక పొడుగాటి మాట పంపింది. ఆ తరువాత పలకలేదు. తను పలికితే రాద్దామని ఆగిపోయాను. ఇప్పటికీ చూస్తున్నాను. మీలాగే ఇంకో పదకొండు మంది తల్లులు హిందాతు మా అమ్మాయే అని రాశారు. తను నాకు చెప్పిన అసలు పేరు నా దగ్గరుంది, అందుకే వాళ్ళను పేరు అడిగాను. కొందరు చెప్పిన పేర్లు కలవలేదు. కొందరు మళ్ళీ రాయలేదు. ఆ మాట తల్లికి తప్ప ఎవరికీ వినిపించను. మీ అమ్మాయి పేరు రాయండి. ఎలా ఉందో కూడా చెప్పండి."

లంతానా రెండుసార్లు చదివింది. మొదటి బెంచీ పిల్ల రాయడం అయిపోయిందని పలక పైకెత్తి చూపించింది. ఇంకోసారి రాయమని ఆ పిల్లకు చెప్పింది.

'ఆ పిల్ల' అని టైపు చేసింది. చెరిపేసింది. 'ఫుంతువా' అని చేసింది. అదీ చెరిపేసింది. పేరులో మొదటి అక్షరం దాకా వేలు వెళ్ళింది. ఆ అక్షరం ఆమె ఈ గదిలో ఎన్ని వందల మందికి చేయి పట్టి దిద్దించిందో లెక్కలేదు.

గంట కొట్టారు. పిల్లలు లేచి వెళ్ళిపోయారు.

ఆ రోజుకూ ఈ రోజుకూ పదహారు రోజులు. కానో రచయిత్రి కవలపిల్లల దాకా రాసేసింది, చాలామంది బాగుందన్నారు. మై ఫితిలా రాయవలసిన నలభై రెండో పేజీ రాలేదు. లంతానా పేరు రాయలేదు.