సినిమాహాలు తూకం మిషను

పది కిలోల ఇనుప తూకంరాళ్లు రెండు. చిత్తూరు బెల్లం మండీలో అడిగి తెచ్చుకున్నాను. ఒకటి నా సంచిలో, ఒకటి నా మొగుడు ఎల్లప్ప సంచిలో. వాటిని మోసుకుంటూ తిరుపతి బస్సెక్కాం. కాసు వేస్తే పాడే పాత పాటల పెట్టెలు, కాసు వేస్తే పనిచేసే పాత మిషన్లు ఒక కల్యాణమండపంలో చూపిస్తున్నారు. అందరూ ముచ్చటకు పోతారు. నేను సాక్ష్యం కోసం పోయాను.

దేనికి సాక్ష్యమో ముందే చెప్తాను. దాచి దాచి చెప్పడం నాకు చేతకాదు. మా కూతురు కోమలి ఏడేళ్లకే చచ్చిపోయింది. ఇరవై రెండేళ్లయింది. చిన్నపిల్లలకు వచ్చే టీబీ అన్నారు. మందులిచ్చిన నర్సు ఒకే మాట చెప్పింది. మందు పడుతోందా లేదా అన్నది తూకమే చెప్తుంది, పదహారు కిలోలకు తగ్గితే ఒక్క రోజు కూడా ఆగొద్దు, పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మని. ఆసుపత్రిలో తూకం వేయించాలంటే ఒక పూట పోతుంది. పూట పోతే కూలి పోతుంది. నేను అప్పుడు చిత్తూరులో ఒక సినిమాహాలు ఊడ్చేదాన్ని. హాలు వరండాలో రూపాయి వేస్తే తూకం చీటీ ఇచ్చే మిషను ఉండేది. ఆదివారం ఆదివారం ఎల్లప్ప బిడ్డను తీసుకొచ్చి, ఎత్తి దాని మీద నిలబెట్టి వెనక నిలబడేవాడు. నేను ముందు నిలబడి చీటీ అందుకునేదాన్ని.

మొదటి చీటీ పద్దెనిమిది. రెండోది పదిహేడు. ఆ తర్వాత రెండు నెలలు పదిహేడే. బిడ్డ చేతులు పుల్లలైపోతున్నా నేను కళ్లను నమ్మలేదు, చీటీని నమ్మాను. చివరి చీటీ కూడా పదిహేడే. అది వచ్చిన నాలుగో రోజు బిడ్డ పోయింది.

పెద్దకర్మ అయిన మర్నాడు రాయి తీసుకుని మిషను అద్దం పగలగొట్టాను. పోలీసులు ఒక రోజు కూర్చోబెట్టారు. బయటికొచ్చి హాలు కూలీలను కూడగట్టాను. నా పోరాటం అక్కడ మొదలైంది. తర్వాత మునిసిపాలిటీ ఊడ్చేవాళ్లు, ఆ తర్వాత శ్రీ సిటీ ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు ఆడపిల్లలు. ఎక్కడ మైకు ఇచ్చినా ఇదే చెప్పాను. రూపాయి మింగి అబద్ధం చెప్పిన మిషను నా బిడ్డను చంపింది, దాన్ని పెట్టి సొమ్ము చేసుకున్నవాణ్ణి ఎవడూ అడగలేదు అని. జనం ఏడ్చేవాళ్లు. పిడికిళ్లు బిగించేవాళ్లు.

ఇప్పుడా మిషను తిరుపతిలో ఉందని ఎవరో ఫోనులో ఫొటో పంపారు. దాని పక్కభాగం మీద మా హాలు పేరు ఎర్రరంగుతో అట్లే ఉంది. ఇరవై కిలోల రాళ్లు పెడతాను, అది ఇరవై మూడో ఇరవై నాలుగో చూపిస్తుంది, ఆ చీటీ లోకమంతా చూపిస్తాను. అదీ నా లెక్క.

బస్సు పూతలపట్టు దాటాక ఎల్లప్ప నోరు తెరిచాడు.

"ఇప్పుడిదంతా ఎందుకు మే. ఇంటికి పోదాం పా."

"నీకేం, నీ నోట్లో నాలుకుంటే గదా. రాళ్లు బరువైతే చెప్పు, రెండూ నేనే మోస్తా."

"బరువు గాదు లే," అని కిటికీ వైపు తిరిగాడు.

మండపంలో మనుషులు కిటకిటలాడుతున్నారు. నడిమధ్యన అద్దాల పాటల పెట్టె. కాసు పడగానే ఇనుప చెయ్యి ఒక రికార్డును ఏరి తీసి పక్కన పడుకోబెడుతోంది. జనం ఫోన్లు పైకెత్తి వీడియోలు తీస్తున్నారు. పసుపుపచ్చ రూపాయి ఫోన్లు, ఊగే గుర్రం, చెవులకు గొట్టాలు పెట్టి జాతకం చెప్పే తిరునాళ్ల రోబో. ఒకప్పుడు ఇవి కాసు మింగి ఊరుకుంటే తన్నేవాళ్లం. ఇప్పుడు వాటి పక్కన నవ్వుతూ ఫొటోలు దిగుతున్నారు.

మా మిషను మూలగా ఉంది. రంగు బల్బులు వెలుగుతున్నాయి, లోపల చక్రం తిరుగుతోంది. పక్కన స్టూలు మీద ఒక ముసలాయన నూనెగుడ్డ పట్టుకుని కూర్చున్నాడు. గంగాధరం అట, మిషన్లు బాగుచేసే మనిషి.

"అన్నా, దీని మీద రాళ్లు పెట్టి సూడాల," అన్నాను.

"రాళ్లకు జాతకం గూడా చెప్తాదమ్మా, పెట్టు," అని నవ్వి పాత రూపాయి బిళ్లలు గుప్పెడు ఇచ్చాడు.

రెండు రాళ్లూ పెట్టాను. చక్రం ఆగింది. బిళ్ల వేశాను. టక్కున చీటీ పడింది.

ఇరవై.

మళ్లీ వేశాను. ఇరవై. ఒక రాయి తీసి ఎల్లప్ప సంచిలో వేశాను. పది.

"నువ్వు ఇప్పుడు సరిజేసి పెట్టినావు. అప్పుడు తప్పే చూపించేది," అన్నాను.

గంగాధరం ముఖంలో నవ్వు పోయింది. "అప్పుడూ నేనే సూసేవాణ్ణి తల్లీ. చిత్తూరు జిల్లాలో ఈ మాదిరివి పదకొండు ఉండె, అన్నీ నా చేతి మీదే. దీనికి నేను మార్చింది అద్దం ఒకటే. ఎవురో పుణ్యాత్మురాలు పగలగొట్టింది."

"నేనే."

ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "నువ్వేనా. అద్దం ఏసే రోజు మా ఓనరు దగ్గరుండి రాళ్లు పెట్టించినాడమ్మా, కేసేమన్నా అవుతాదని భయపడి. పావు కిలో తేడా గూడా లేదు. ఈ మిషను తప్పు సూపించాలంటే ఒకటే దోవ. ఎనకాల ఎవురన్నా కాలు పెట్టాల. హాలుకాడ పిలకాయలు ఆడే ఆటే గదా అది."

నా వెనక సంచి కింద పడిన చప్పుడైంది. తిరిగి చూశాను. ఎల్లప్ప నేల మీద కూలబడి ఉన్నాడు.

ఆయనే మొదలుపెట్టాడు, నా ముఖం చూడకుండా.

"రెండో వారం పదిహేడు వచ్చింది. అన్నం తినలేదని నువ్వు బిడ్డను కొట్టినావు. ఆడనే, హాలు మెట్ల మీద. మూడో వారం ఎక్కించేటప్పుడు అదే నా చెవిలో చెప్పింది. నాయనా, అమ్మ మళ్లా కొడతాది, రొంత తొక్కు అని."

"తొక్కినావా."

"ఆ ఒక్కవారమే అనుకున్నా. వచ్చే వారానికి తింటాది, లావవుతాది, కాలు తీసేద్దాం అనుకున్నా. కాకపాయె. తీస్తే ఒక్కసారిగా రెండు కిలోలు పడిపోతాది. నీకేం చెప్పాల? అట్లనే తొక్కుతా పోయినా."

"నర్సు చెప్పింది మర్చిపోయినావా."

"మర్చిపోలా. నీకు భయపడినా."

కొట్టాను నేను. అది నిజం. మొగుడికి పని దొరకని కోపం, కూలి తెగ్గోసిన మేస్త్రి మీద కోపం, అన్నీ తీసుకుపోయి ఆ పుల్లలాంటి వీపు మీద దించాను. ఈ ముక్క నేను ఏ సభలోనూ చెప్పలేదు. మొగుడు దాచాడని ఇప్పుడు అరవడానికి నాకు నోరెక్కడిది? యజమానులను గడగడలాడించానని మురిసిపోయాను గానీ, ముందు గడగడలాడింది ఏడేళ్ల పిల్ల.

"లెయ్," అన్నాను.

లేచాడు. నేను మిషను మీద మిగిలిన రాయి దించి, చెప్పులు విడిచి ఎక్కాను. బిళ్ల వేశాను. యాభై ఎనిమిది.

"మూడో వారం ఎట్ల తొక్కినావో అట్ల తొక్కు."

"వద్దు మే."

"తొక్కయ్యా. నా బిడ్డ బరువెంతో నాకు తెలియాల."

గంగాధరం స్టూలు మీద నుంచి లేచి, జనాన్ని అవతలికి పంపుతూ అక్కడే నిలబడ్డాడు. ఎల్లప్ప కాలు చాచి బల్ల అంచు మీద పెట్టాడు. బిళ్ల వేశాను. అరవై. రెండు కిలోలు ఎక్కువ, అంటే బిడ్డ అప్పటికే పదిహేను. ఆ రోజే తీసుకుపోయుంటే.

"ఇప్పుడు చివరి వారం మాదిరి."

ఆయన కాలికి అది బాగా గుర్తుంది. పళ్లు బిగించి తొక్కాడు. చక్రం తిరిగి తిరిగి ఆగింది. చీటీ పడింది. అరవై మూడు.

అయిదు కిలోలు. పదిహేడులో అయిదు పోతే పన్నెండు. ఏడేళ్ల పిల్ల, పన్నెండు కిలోలు. ఆ పన్నెండు కిలోలను ప్రతి ఆదివారం హాలు దాకా నడిపించాం.

నా చెయ్యి మిషను అద్దానికి ఆనించుకుని నిలబడ్డాను. వెనక ఆయన ఊపిరి వినిపిస్తోంది. ఏడుస్తున్నాడో ఆయాసపడుతున్నాడో తెలియలేదు.

"తీసేదా కాలు?" అన్నాడు.

"ఉండనీ," అన్నాను.