తాతయ్యకి తొడిగిన కోటు

శుక్రవారం పొద్దున్న పదకొండింటికి మా బాబాయి ఒక పెద్ద అట్టపెట్టె మోసుకుంటూ షాపులోకి వచ్చాడు. కత్తిరించడానికి నేను బల్ల మీద పరిచి గీతలు గీసుకున్న ప్యాంటు గుడ్డని మోచేత్తో పక్కకి నెట్టి, అక్కడ పెట్టె పెట్టాడు. ఆ నెట్టుడికే నాకు సగం ఒళ్లు మండింది. మిగతా సగం పెట్టె విప్పాక మండింది.

లోపల తాతయ్య ఫోటో ఉంది. రెండడుగుల ఎత్తు, బంగారు రంగు ఫ్రేము. ఆదివారం జరిగే సంస్మరణ సభలో వేదిక మీద పెట్టడానికి పెద్దది చేయించమని నేనే ఇచ్చాను. నేనిచ్చిన ఫోటోలో తాతయ్య మెడలో టేపు వేసుకుని, తెల్లచొక్కా చేతులు పైకి మడుచుకుని, మిషన్ ముందు కూర్చుని, ఫోటో తీస్తున్నవాణ్ణి విసుక్కుంటున్నాడు. ఇందులో మిషన్ లేదు, టేపు లేదు, విసుగు కూడా కాస్త తుడిచేశారు. మెడ కింద నుంచి నీలం కోటు, ఎర్ర టై, పై జేబులో మూడు మూలల రుమాలు. వెనకాల ఎవరిదో పుస్తకాల బీరువా.

"ఎలా ఉంది?" అన్నాడు బాబాయి. పరీక్ష పాసైనవాడి ముఖం పెట్టాడు.

"ఎవరీయన?"

"అదేంటే! మీ తాతయ్య."

"మా తాతయ్య మెడ దాకానే ఉన్నాడు. కింద ఉన్నాయన ఎవరని అడుగుతున్నా."

ఇంట్లో నన్ను సూది అంటారు. ఆ పేరు పెట్టింది తాతయ్యే. మా నాన్న పోయిన ఏడాది, పద్దెనిమిదేళ్ల నన్ను తీసుకొచ్చి తన పక్క మిషన్ మీద కూర్చోబెట్టాడు. నెల తిరక్కుండానే, ఇస్త్రీ సరిగ్గా లేదన్న ఒక పెద్దమనిషిని నేను కడిగేస్తుంటే విని, "ఇది ఊరికే గుచ్చదు, గుచ్చిందంటే ఆ పక్కనుంచి బయటికొస్తుంది" అన్నాడు. ఇప్పుడు నాకు నలభై. మొన అరిగిందేమీ లేదు.

తాతయ్య తొంభై ఒక్క ఏళ్లు బతికాడు. పన్నెండో ఏట కాజాలు కుట్టడంతో మొదలుపెట్టి, ఎనభై ఏడో ఏట కళ్లు మొరాయించేదాకా మిషన్ దిగలేదు. పోస్ట్‌మాన్ చొక్కా కుడితే సంచీ వేలాడే భుజం మీద లోపలి వైపు ఇంకో పొర వేసేవాడు. కండక్టర్ ప్యాంటుకి చిల్లర జేబు రెండింతల గుడ్డతో కుట్టేవాడు. లెక్కల మాస్టారికి ఒక భుజం కిందికి ఉండేదన్న సంగతి ఆయన భార్యకీ తాతయ్యకీ తప్ప మూడో మనిషికి తెలీదు. మాస్టారు పోయాక ఆవిడే వచ్చి చెప్పి ఏడ్చింది. రెడీమేడ్ దుకాణాలు వచ్చి మా పని సగానికి పడిపోయినప్పుడు, వాళ్లమ్మిన ప్యాంట్లే పొట్టిచేయడానికి మా దగ్గరికి వచ్చేవి. ఒక్కోటీ తిరగేసి చూసి, "పాపం, ఎవరికోసం కుడుతున్నాడో కుట్టినవాడికే తెలీదు" అనేవాడు తాతయ్య.

అలాంటి మనిషికి రెడీమేడ్ కోటు తగిలించారు! అదీ పోయాక, నోరెత్తలేడు కదా అని.

"మిషన్ ముందు చెమటోడుతున్న ఫోటో పెడితే ఏం బాగుంటుందే? మా ఆఫీసు వాళ్లొస్తారు. వియ్యాలవారొస్తారు. నలుగురూ చూసేది," అన్నాడు బాబాయి. "మీ అత్తయ్యకి కూడా ఇదే నచ్చింది."

"ఆ మిషన్ మీద కుట్టిన చొక్కా వేసుకునే కదా నువ్వు ఆ ఆఫీసుకి ఇంటర్వ్యూకెళ్లావు? అప్పుడు చెమట కంపు రాలేదా?"

"ప్రతిదానికీ తగువేనా నీకు?"

"తగువు కాదు, కాస్త కళ్లు పెట్టి చూడు. గుండీలు ఎటున్నాయి?"

చూశాడు. ఏమీ అర్థం కాలేదు. దర్జీ కడుపున పుట్టి అర్థం కాకపోవడం ఇంకో పాపం. స్టూడియో అతను ఎక్కడో దొరికిన కోటుని కుడిఎడమలు తిప్పేసి అతికించాడు. గుండీలు ఎడమవైపుకొచ్చాయి, కుడి అంచు పైకొచ్చింది.

"ఆడవాళ్ల కోటు తొడిగారు బాబాయ్ మీ నాన్నకి! ఆదివారం ముందు వరసలో పద్నాలుగుమంది దర్జీలు కూర్చుంటారు. అందరూ ఆయన చేతికింద పని నేర్చుకున్నవాళ్లే. వియ్యాలవారు చూడకపోవచ్చుగాని, వాళ్లు గుమ్మంలోంచే చూస్తారు."

బాబాయి ఫోటోని మళ్లీ పెట్టెలోకి దించాడు. కానీ ఓడిపోయానని ఒప్పుకుంటే ఆయన మా బాబాయే కాదు. "గుండీలదేముంది, తిప్పిస్తా. కోటు మాత్రం ఉంటుంది," అన్నాడు.

"ఉండదు."

"అయితే అమ్మనే అడుగుదాం."

నాకు నెత్తిన పాలు పోసినట్టయింది. నానమ్మకి ఎనభై ఆరు. తాతయ్యతో అరవై ఏడేళ్లు కాపురం చేసిన మనిషి. ఈ వేషం చూస్తే బాబాయికి అక్షింతలు తప్పవు. షాపు పైనే ఇల్లు. పెట్టె అడుగున ఉన్న నా పాత ఫోటోతో సహా రెండూ పట్టుకుని మెట్లెక్కాం.

కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్న నానమ్మ ముందు రెండూ నిలబెట్టాను. నా ఫోటోని చూసి నవ్వింది. కోటు ఫోటోని దగ్గరికి లాక్కుని, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది. చాలాసేపు చూసింది.

"ఇదుంచండి," అంది.

కోటుది.

"నానమ్మా! నువ్వు కూడానా? బాబాయికైతే నలుగురిలో నామోషీ. నీకేమైంది? ఆయన జన్మలో కోటు వేసుకోలేదు!"

"అందుకే ఉంచమంటున్నా."

నానమ్మ బాబాయి వైపు చెయ్యి చూపించింది.

"వీడి పెళ్లికి కోట్లు కుట్టాడు గుర్తుందా? పదకొండు. వీడికి, అల్లుడికి, అల్లుడి తమ్ముళ్లకి, ఎవరెవరికో. అంతా అయ్యాక మంచి నీలం గుడ్డ రెండుంపావు మీటర్లు మిగిలింది. మీకో కోటు కుట్టుకోండీ అన్నా. గుడ్డ భుజాలమీద వేసుకుని అద్దం ముందు నిలబడ్డాడు. అటు తిరిగి చూసుకున్నాడు, ఇటు తిరిగి చూసుకున్నాడు. పెళ్లికొడుకులా ఉన్నారే అని నేను నవ్వా. వెంటనే తీసి మడత పెట్టేశాడు."

"ఎందుకు?"

"చొక్కా అయితే పాతది ఆది పెట్టుకుని కుట్టుకుంటా, కోటుకి నాకు ఆది ఎక్కడుందే, నా కొలతలు ఎవరు తీస్తారు అన్నాడు. తన వీపు తను కొలుచుకోలేడు కదా. నవ్వుతూనే అన్నాడులే. నేనూ పట్టించుకోలేదు." నానమ్మ నా వైపు చూసింది. "నువ్వప్పటికి షాపులోనే ఉన్నావు కదా. నువ్వు తీస్తావులే అనుకున్నా."

"ఆ గుడ్డ ఏమైంది?" అన్నాడు బాబాయి.

"మీ అక్క మామగారు చేతుల్లేని కోటు అడిగితే కుట్టిచ్చేశాడు."

అరికాలి మంట నెత్తికెక్కడం అంటే ఏమిటో నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. ఎప్పుడూ ఎదురుగా ఒక మనిషి ఉండేవాడు. ఈసారి గదంతా వెతికినా, తిట్టడానికి నేను తప్ప ఎవరూ కనపడలేదు. కొలతలు తీయడం తాతయ్య నాకు చెక్కబొమ్మ మీద నేర్పాడు. మెడ, భుజం, ఛాతీ, చెయ్యి. వారం రోజులు ఆ బొమ్మనే కొలిచాను. ఆయన దాని పక్కనే నిలబడి ఉండేవాడు, రెండు చేతులూ వేలాడేసుకుని. నాకు తట్టలేదు. ఆ తర్వాత పెళ్లి గడిచింది, ఇంకో పదహారేళ్లు గడిచాయి, రోజుకి పదిమందిని నిలబెట్టి కొలిచాను. మూడడుగుల దూరంలో కూర్చున్న మనిషిని ఒక్కసారి లేచి నిలబడమనలేదు. బాబాయి కంప్యూటర్ కోటైనా తొడిగించాడు. నేనదీ చేయలేదు. పైగా పొద్దున్నుంచీ తాతయ్య పరువు నేనొక్కదాన్నే కాపాడుతున్నట్టు ఎగిరాను.

గుండీలు సరిచేయించడానికి స్టూడియోకి నేనే వెళ్లాను. అతను కోటు తిప్పాడు, కాలరు మెడకి దగ్గరగా జరిపాడు. "భుజాలు ఎంత వెడల్పు పెట్టమంటారు మేడం? మీకు తెలిసే ఉంటుందిగా," అన్నాడు. తెలీదన్నాను. దర్జీ అయ్యుండి తాత భుజం తెలీదా అన్నట్టు చూశాడు. అనుంటే బాగుండేది, గట్టిగా అరవడానికి నాకో మనిషి దొరికేవాడు.

ఆదివారం హాలు నిండిపోయింది. పోస్ట్‌మాన్ కర్ర పట్టుకుని వచ్చాడు. కండక్టర్ తరఫున కొడుకు వచ్చాడు. వేదిక మీద కోటేసుకున్న తాతయ్య. ముందు వరసలో మా దర్జీలు గుండీల వైపు చూశారు, సరిగ్గానే ఉన్నాయని ఊరుకున్నారు. బాబాయి పై ఆఫీసరు మైకు అందుకుని, తాతయ్య సహనం గురించి, నిరాడంబరత గురించి, ఎవరికైనా సరిపోయే నాలుగు మాటలు చెప్పాడు. చివర్లో ఫోటో వైపు తిరిగి, "ఆ కోటు చూడండి, ఎంత హుందాగా ఉందో! స్వయంగా ఆయనే కుట్టుకున్నదనుకుంటా," అన్నాడు.

బాబాయి అవునన్నట్టు తల ఊపబోయి, నన్ను చూసి ఆగాడు.

తర్వాత మాట్లాడాల్సింది నేను. రాసుకున్న కాగితం కుర్చీలోనే వదిలేసి వెళ్లాను.

"కాదండీ," అన్నాను. "ఆయనకి కోటు లేదు. ఈ హాల్లో సగంమందికి ఆయన కోట్లు కుట్టాడు. పదిమందికీ ఒంటికి పట్టినట్టు కుట్టిన మనిషి ఒక్కటంటే ఒక్కటి వేసుకోకుండా పోయాడు. ఎందుకో తెలుసా? కొలత తీసేవాళ్లు లేక! పెద్దాయన పెద్దాయన అని ఇప్పుడు పొగడ్డానికొచ్చాం కదా, ఆయన దగ్గర కత్తెర పట్టడం నేర్చుకున్న దర్జీలం నాతో కలిపి పదిహేనుమందిమి ఇక్కడున్నాం. ఆయన భుజం వెడల్పెంతో ఒక్కరు చెప్పండి. ఒక్కరు!"

ముందు వరసలో ఒకతను తల దించుకుని చేతులు నలుపుకుంటున్నాడు. బాబాయి కళ్లు తుడుచుకుంటున్నాడు. ఆఫీసరు నీళ్ల గ్లాసు అందుకున్నాడు. నా కోపం ఇంకా తగ్గలేదు, ఇంకా అడగబోయాను.

నానమ్మ కుర్చీలోంచి లేవకుండానే రెండు చేతులూ ముందుకి చాపింది. ఎదురుగా ఎవరో నిలబడ్డట్టు, అరచేతులు ఒకదానికొకటి ఎదురుగా పెట్టి, కాస్త దూరం చేసింది. మళ్లీ కొంచెం దగ్గరికి జరిపి, అక్కడ ఆపింది.

"ఇంత," అంది.

నేను సంచిలోంచి టేపు తీసి వేదిక దిగాను. ఆమె చేతులు కదపలేదు. ఒక అరచేతి నుంచి రెండో అరచేతి దాకా టేపు పట్టి చూశాను. పదిహేడున్నర అంగుళాలు.